రెండు చేతుల పని

"వేలు దొరికిందా?"

మేనేజర్ లోపలికొచ్చి అడిగిన మొదటి మాట అదే. లింబాద్రి నేలమీద కూలబడి, కుడిచేతిని పొట్టకేసి అదుముకుని ఒగరుస్తున్నాడు. తెల్ల ఏప్రనంతా నెత్తురు. నేను మెడలోని తువ్వాలు తీసి చేతికి చుడుతున్నాను. ఆ మాట వినగానే, ఎంతైనా మనిషే కదా, వేలు దొరికితే ఐసులో పెట్టి ఆసుపత్రికి పంపుతాడు, డాక్టర్లు అతికిస్తారు అనుకున్నాను. ఇరవైమందిమి ఆ చేపనీళ్ళలో మోకాళ్ళమీద పాకుతూ వెతికాం.

చూపుడువేలు మిషను కింద దొరికింది. మధ్యవేలు లేదు. అప్పుడు లైన్ ఆపించాడు. లింబాద్రి కేక పెట్టినప్పుడు ఆగని లైన్, అప్పుడు ఆగింది. మూతపడ్డ డబ్బాలన్నీ మళ్ళీ మాచేతే విప్పించాడు. నూనెలో నానుతున్న సార్డిన్ ముక్కల్ని వేళ్ళతో కెలికించాడు. కెలకగా కెలకగా దొరికింది. దాన్ని టిష్యూ కాగితంలో చుట్టి చెత్తడబ్బాలో పడేశాడు. "షుకర్ హై, కంటైనర్‌లోకి పోలేదు" అని చెమట తుడుచుకున్నాడు.

యూరప్‌లో ఎవడి పంటికిందా అది పడకూడదు. ఆయన బాధ అంతే. థూ! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది. ఆ తర్వాతే లింబాద్రిని ఆసుపత్రికి పంపారు, అది కూడా చేపలు తెచ్చే వ్యానులో.

నా పేరు దేవదాసు. మాది కోరుట్ల దగ్గర పల్లె. గల్ఫ్‌లో, రైసూత్ రేవు పక్కన ఈ చేపల ఫ్యాక్టరీలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. నేను చెప్పబోయేది వీరగాథ కాదు. ఇందులో నా తప్పు కూడా ఉంది, అది ముందే చెప్పేస్తే నాకే నయం. లింబాద్రికి ఆ మిషను పని నేర్పింది నేను.

నేను వచ్చిన కొత్తలో ఇది చిన్న షెడ్డు. ఇక్కడి జాలరులు పట్టిన సార్డిన్‌ను తీరంలో ఇసుకమీద ఎండబెట్టి ఒంటెలకు మేత వేసేవాళ్ళు. కొంత మా షెడ్డుకొచ్చేది, ఐసు కొట్టి ఊళ్ళోకి పంపేవాళ్ళం. తర్వాత ఏవో ఒప్పందాలయ్యాయన్నారు. దేశాల మధ్య సుంకాల గోడలు కూలాయట, సరుకు ఎక్కడినుంచి ఎక్కడికైనా పోవచ్చట. అప్పటిదాకా ఒంటెలు తిన్న చేప రాత్రికి రాత్రి ఎగుమతి సరుకైపోయింది. షెడ్డు ఫ్యాక్టరీ అయింది. గేటుమీద కొత్త బోర్డు, లోపల కొత్త మిషన్లు.

కొత్తవంటే మాకు కొత్తవి. నిజానికి ముసలి మిషన్లు. ఒకప్పుడు ఎర్రజెండా ఎగిరిన ఒక దేశంలో, సముద్రం ఒడ్డున పెద్ద ఫ్యాక్టరీ ఉండేదట. ఆ దేశం యూరప్ మార్కెట్‌లో కలిసింది. కలిసిన కొన్నేళ్ళకే ఆ ఫ్యాక్టరీ మూతబడింది. అక్కడ జీతాలు ఎక్కువ, ఇక్కడ మనుషులు చవక. మిషన్లు విప్పి ఓడెక్కించి మా రైసూత్‌కు తోలారు. ఇక్కడ మేం నింపిన డబ్బాలు మళ్ళీ ఆ దేశానికే పోయి, అక్కడి పాత ఫ్యాక్టరీ పేరున్న కాగితం అంటించుకుని అమ్ముడవుతాయి. పేరు వాళ్ళది, చేప ఈ సముద్రానిది. చేతులు మాత్రం మావి.

డబ్బాకు మూత బిగించే మిషనుకు రెండు ఎర్ర బొత్తాలు, కుడివైపొకటి, ఎడమవైపొకటి. రెండూ ఒకేసారి రెండు చేతులతో నొక్కితేనే పైనున్న ఇనుప తల కిందికి దిగుతుంది. చేతులు బొత్తాలమీద ఉంటే మిషను నోట్లో ఎట్లా ఉంటాయి? అందుకే రెండు పెట్టారు. మిషనుకు కొట్టిన రేకుమీద ఆ బొమ్మ కూడా ఉంది.

మేమేం చేశామో తెలుసా? కుడి బొత్తాన్ని టేపుతో నొక్కి కట్టేశాం. ఇక ఎడమచెయ్యి ఒక్కటే బొత్తం నొక్కుతుంది, కుడిచెయ్యి తర్వాతి మూతను సర్దుతుంది. పని మూడింతలు నడుస్తుంది. మొదట కట్టమన్నది సూపర్‌వైజర్ ముర్తుజా. కానీ తర్వాత ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది. డ్యూటీ ఎక్కగానే ఎవరి టేపు వాళ్ళమే చుట్టుకునేవాళ్ళం. తొందరగా చుట్టినవాడు మొనగాడు. రెండు చేతులతో నొక్కేవాణ్ణి "ఏందిరా, పెండ్లిపిల్ల లెక్క గా సిగ్గేంది" అని ఎగతాళి చేసేవాళ్ళం. లింబాద్రి వచ్చిన మొదటిరోజు బొమ్మలో ఉన్నట్టే రెండూ నొక్కాడు. నేను పగలబడి నవ్వి, "గట్ల జేస్తే రెన్నెల్లకు ఇంటికి తోల్తరు తమ్మీ, ఇగో గిట్ల" అని టేపు ఎట్లా చుట్టాలో చూపించాను.

నేనే చూపించాను.

ప్రమాదమైన మూడోరోజు, మంగళవారం, సరుకు కొనే కంపెనీ మనిషి తనిఖీకి వచ్చాడు. వాళ్ళొచ్చే రోజున టేపులు పీకి, బొత్తాలకంటిన జిగురు కిరసనాయిలుతో తుడవాలి. మాకలవాటే. ఈసారి మాత్రం మాకు కొంచెం ఆశ కలిగింది. వచ్చినాయన ముసలాయన, ఆ మూతబడ్డ ఫ్యాక్టరీలో పని చేసినవాడేనని మేనేజర్ అందరికీ గొప్పగా చెప్పాడు. కార్మికుడి బాధ కార్మికుడికి తెలుస్తుంది కదా అనుకున్నాం.

ఆయన నేరుగా లింబాద్రి మిషను దగ్గరికే వచ్చాడు. రేకుమీద గీతల్ని వేలితో తడిమాడు. కళ్ళు చెమర్చాయి కూడా. ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. మాలో ఇంగ్లీషు తెలిసింది కడప జావెద్‌కే. డిగ్రీ చదివి మాతోపాటు చేపలు కడుగుతున్నాడు.

"ఈయప్ప పద్దెనిమిదేండ్లు ఈ మిషన్ మీదే పని చేసినాడంట" అని మెల్లగా చెప్పాడు జావెద్. "ఆడ యూనియన్ ఉన్నిందంట. ఒక్క మనిషికి కూడా వేలు తెగలేదంట. మీరు గంటకు మాకంటే మూడింతలు ఎట్ల చేచ్చాండారని అడుగుతాండాడు."

"మా వర్కర్లు చాలా కష్టపడతారు" అన్నాడు మేనేజర్.

ముసలాయన బొత్తాలకేసి చూశాడు. ఎడమ బొత్తం రంగు పోయి, అరిగి, నున్నగా మెరుస్తోంది. కుడి బొత్తం ఎర్రరంగు చెక్కుచెదరలేదు, నిన్న అమర్చినట్టుంది. ఆయన దానిమీద బొటనవేలు పెట్టాడు. జిగురు అంటింది. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని చూశాను.

ఆయన జేబురుమాలు తీసి వేలికంటిన జిగురు తుడుచుకున్నాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాగితంమీద సంతకం పెట్టాడు. చాయ్ తాగడానికి పోయాడు.

తెలియక సంతకం పెట్టినవాడైతే నాకింత రోత పుట్టేది కాదు. ఆయనకు అంతా తెలుసు. పద్దెనిమిదేళ్ళు ఆ రెండో బొత్తాన్ని కాపాడింది ఏమిటో మాకన్నా ఆయనకే బాగా తెలుసు. మిషను ఓడెక్కి వచ్చింది, సంఘం రాలేదు. ఆ సంగతి తెలిసిన మనిషి కొనేవాళ్ళ వైపు కుర్చీలో కూర్చున్నాక రుమాలుతో తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి రూముకొచ్చేసరికి ముర్తుజా మాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. హైదరాబాద్ మనిషి. మాలాగే కూలీగా వచ్చి, కాంట్రాక్టర్‌కు చెంచాగిరీ చేసి సూపర్‌వైజరయ్యాడు. ఆసుపత్రినుంచి వచ్చిన లింబాద్రి మంచంమీద గోడకానుకుని ఉన్నాడు. చేతికి తలకాయంత కట్టు.

"సైన్ చేసెయ్ మియా" అంటున్నాడు ముర్తుజా. "గురువారం టికెట్ రెడీ ఉంది. హాయిగా ఇంటికి పో. టెన్షన్ ఏం తీస్కోకు."

జావెద్ ఆ కాగితం తీసుకుని చదివి మాకు తెలుగులో చెప్పాడు. కంపెనీ వద్దన్నా వినకుండా లింబాద్రి తనంతట తానే బొత్తం కట్టాడట. తప్పు తనదేనట. కంపెనీని ఏమీ అడగడట, తన ఇష్టంతోనే ఇంటికి పోతున్నాడట.

"కుడిచేత్తో పెట్టేటోన్ని సంతకం" అన్నాడు లింబాద్రి.

"ఎడమ అంగూఠా ముద్ర చాలు."

"కుడిచేతి ఏళ్ళు మీకాడనే ఉండె గద సార్. డబ్బాలన్ని యెతికి తీస్కుంటిరి. దాంతోటే ఎయ్యకపోయిన్రు?"

ముర్తుజా ముఖం నల్లబడింది. "రేపు సాయంత్రందాకా సోచో. పెట్టకపోతే టికెట్ లేదు, రూమ్ లేదు, దవాఖానా లేదు" అని కాగితం మంచంమీద పడేసి పోయాడు.

అతను గడప దాటగానే లింబాద్రి ఏడ్చాడు. "పెడ్త అన్నా. చెయ్యి బాగ గుంజుతుంది. ఇంటికి పోత. నాతోని గాదు."

అప్పుడే అతని భార్య కవిత ఫోన్ చేసింది. భీంగల్ దగ్గర వాళ్ళ ఊరు, బీడీలు చుడుతుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. మొదట ఏడుస్తుందనుకున్నాం. కాగితంలో ఏముందో జావెద్ మళ్ళీ చెప్పాడు.

"అన్నా, గా బొత్తం మా ఆయనొక్కడే కట్టిండా?" అనడిగింది.

అందరం మా చేతులకేసి చూసుకున్నాం.

"మిమ్ములనే అడుగుతున్న. మీరెవ్వరు కట్టలేదా?"

"అందరం కట్టినం చెల్లె" అన్నాను. "ఆయనకు నేర్పింది గూడ నేనే."

"మరి కాయిదం ఒక్కని మీదనే ఎట్ల రాస్తరు?" ఆమె గొంతు పెరిగింది. "మా కార్ఖానల గిట్లనే ఒకామె బీడీకట్టలు బాగలేవని గంప ఇసిరికొట్టిండు, ఆకిచ్చి కట్టలు తీస్కునే కమీషన్‌దారు. ఆమెదొక్కతిదే తప్పన్నడు. ఆకు నువ్విచ్చిందే పుచ్చిపోయిందిరా అని ఊరంత గంపలు దించి కూసున్నం. మీరు మొగోళ్ళు అరవైమంది ఉన్నరంట. సిగ్గనిపిస్తలేదా?"

అనిపించింది. చెంప పగిలినట్టే అనిపించింది.

ఆమె ఫోన్ పెట్టేశాక పక్క రూముల వాళ్ళు కూడా వచ్చారు. వరండా నిండిపోయింది. మాలో పెద్దవాడు గంగాప్రసాద్, పద్నాలుగేళ్ళనుంచి గల్ఫ్‌లోనే ఉన్నాడు. ఆయనే ముందు లేచాడు.

"ఏం జేస్తర్రా? పని బంద్ వెడ్తరా? సమ్మె అన్నోన్ని జెయిల్ల వేసి ఇమానం ఎక్కిస్తరు. గంతే. నా కండ్ల ముందల ఎంతమంది పోయిన్రో మీకేం తెల్సు?"

"మరేం జెయ్యాలె గంగన్నా? గాన్ని కుక్కను పారేసినట్టు పారేస్తుంటే సూసుకుంట కూసోవాల్నా?" అన్నాడొకడు.

"కూసొమ్మంటలే. అందరు మునగొద్దంటున్న."

అరుపులు మొదలయ్యాయి. ఒకడు ఎంబసీ అన్నాడు, ఒకడు టీవీ వాళ్ళకు వీడియో పంపుదామన్నాడు. ఒకడైతే ముర్తుజాను తన్నుదామన్నాడు. జావెద్ అంతసేపూ గడపమీద కూర్చుని ఆ కాగితాన్నే చూస్తున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు.

"ఏందప్పా అంత కొట్లాట! సమ్మె ఎవురు చేయమన్యారు? మనం పనే చేద్దాం. ఈ కాయితంలో ఏం రాసినారు? బొత్తం కట్టొద్దని కంపెనీ ఆర్డరంట. సరే, ఆర్డర్ ఇన్యాం. రేపట్నించి ఎవురూ టేపు ముట్టొద్దు. బొమ్మలో ఉండాదే, అట్లనే రెండు చేతుల్తో నొక్కుదాం. పని నిలబెట్టినామని ఎవురంటారు?"

అరుస్తున్నవాళ్ళు వచ్చి జావెద్ చుట్టూ చేరారు.

"మూడోవంతు మాలు గూడ ఎల్లదు" అన్నాడు ఎవరో.

"ఎల్లకపాయ. టేపు కట్టమని రాసి ఇయ్యమనండి. రాసిస్తే ఆ కాయితమే లింబాద్రికి సాక్ష్యం. రాయకపోతే మన ఇష్టం."

గంగాప్రసాద్ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. చివరికి, "మరి ఇంకోటి" అన్నాడు. "కాయిదం వాళ్ళే రాయాల్నా? మనం గూడ రాద్దాం. ముర్తుజా జెప్తె అందరం కట్టినం అని. ముందుగాల నా పేరు రాయి." జావెద్ చేతికి పెన్ను ఇచ్చాడు. "పద్నాలుగేండ్లసంది తలకాయ వంచుకొనే ఉన్న. నాకు మాత్రం రోత పుడ్తలేదారా?"

రెండో పేరు నాది. నేర్పింది కూడా నేనేనని రాయించాను. అరవైనాలుగు పేర్లయ్యాయి. రాయడం రానివాళ్ళు ముద్ర వేశారు.

బుధవారం పొద్దున డ్యూటీ ఎక్కాం. బెల్ట్ కదిలింది. నా చేతులకు టేపు అలవాటై, కుడిచెయ్యి దానంతటదే మూత వైపు పోతోంది. లాక్కుని తెచ్చి బొత్తంమీద పెట్టాల్సి వచ్చింది. నా వరసలో పన్నెండు మిషన్లు. ఇరవైనాలుగు చేతులు ఒక్కసారి లేచి ఒక్కసారి పడుతున్నాయి. అంత నెమ్మదిగా ఆ ఇనుప తలలు దిగడం ఎప్పుడూ చూడలేదు.

గంటలో చేపలు పేరుకున్నాయి. తొట్లు నిండి నేలమీదికి జారాయి. ముర్తుజా పరిగెత్తుకొచ్చాడు.

"క్యా తమాషా హై యే? టేపు ఏది? కట్టుండ్రి!"

"రాసియ్యి సార్, కడ్తం" అన్నాను.

"మీ నాయన జాగీరా రాసియ్యనీకి? నేను చెప్తున్న కట్టుమని!"

"నువ్వు సెప్తేనే ఇన్నాళ్ళు కట్టినాం గదప్పా, మరి కాయితంలో అట్ల రాయలేదే?" అన్నాడు జావెద్.

మధ్యాహ్నానికి కంపు మొదలైంది. రేవులో ఓడ కంటైనర్ల కోసం కాచుకునుంది. మేనేజర్ ఏసీ గదిలోంచి దిగి వచ్చాడు. ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. జానవర్లన్నాడు, నమక్ హరాములన్నాడు. తర్వాత తనే ముర్తుజా చేతిలోంచి టేపు లాక్కుని, లింబాద్రి కూర్చునే మిషను కుడి బొత్తాన్ని చుట్టూ చుట్టి కట్టాడు.

"ఇదిగో కట్టాను. ఎవడు కూర్చుంటాడో కూర్చోండి."

ఎవరూ కదల్లేదు. ల్యాబులో పనిచేసే హఫ్సా తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఈ ఊరి అమ్మాయి, వాళ్ళ నాన్న ఒకప్పుడు ఇదే తీరంలో సార్డిన్ ఎండబెట్టుకుని బతికినవాడు. చేతిలో రోజూ నింపే నాణ్యత రిజిస్టరు.

జావెద్ ముందుకొచ్చాడు. "సార్, మీరే ఒక్క డబ్బా నొక్కి చూపించండి. మూత ఈ చేత్తో సర్దాల. ఒక్కటంటే ఒక్కటే. మీరు నొక్కితే మేమందరం కట్టుకుంటాం" అని హిందీలో అన్నాడు.

మేనేజర్ మిషను నోటికేసి చూశాడు. పైనున్న ఇనుప తలకేసి చూశాడు. అతని చెయ్యి కొంచెం లేచింది, ఉంగరాలు మెరిశాయి. మళ్ళీ జేబులోకి పోయింది. అరవైమందిమి చూశాం. నవ్వలేదు ఎవరూ.

హఫ్సా రిజిస్టరు తెరిచి నిలబడే రాయడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నావు?" అని గద్దించాడు మేనేజర్.

"టైమ్ రాశాను. బొత్తం ఎవరు కట్టారో రాశాను" అంది వచ్చీరాని హిందీలో. "నన్నెక్కడికి పంపుతావు సార్? నా ఇల్లు ఇక్కడే."

అరగంటలో పోలీసు వ్యాను వచ్చింది. జావెద్ పని ఆపించాడని మేనేజర్ ఫిర్యాదు. పని ఆగలేదని, చూడమని మేం మిషన్లు నొక్కి చూపించాం. అయినా జావెద్‌ను బయటికి తీసుకుపోయారు. మేమందరం గేటుదాకా వెంట నడిచాం.

అక్కడ ముర్తుజా అప్పటికే రూమునుంచి లింబాద్రిని తెచ్చి నిలబెట్టాడు. చేతిలో పాత కాగితం, ఇంకుడబ్బా.

"సునో లింబాద్రి. మేనేజర్ సాబ్ మాటిచ్చిండు. నువ్వు అంగూఠా వేస్తే ఫిర్యాద్ వాపస్. జావెద్ ఇప్పుడే దిగుతడు. నీకోసమే గద పాపం జెయిలుకు పోతున్నడు?"

చూశారా ఎంత నీచమో! ఒకడి తెగిన చెయ్యిని, ఇంకొకడి సంకెళ్ళని తక్కెట్లో వేసి బేరమాడుతున్నాడు. లింబాద్రి ముఖం చూస్తే నాకు భయమేసింది. అతను కదిలిపోయాడు. ఎడమచెయ్యి ఇంకుడబ్బా వైపు లేచింది.

"ఒద్దు!" వ్యాను కిటికీలోంచి జావెద్ అరిచాడు. "ఒద్దు లింబాద్రీ! నువ్వు ఏలిముద్ర ఏస్తే నేను దిగినా మళ్ళ అదే టేపే గదప్పా. ఈసారి ఎవురి ఏళ్ళు పోవాల? ఏసినావంటే నీతో జన్మలో మాట్లాడను!"

లింబాద్రి వ్యాను వైపు చూశాడు, మా వైపు చూశాడు. నేనేం చెప్పాలి? పెట్టమని చెప్పే ధైర్యం లేదు, పెట్టొద్దని చెప్పే హక్కు లేదు. నేనూ అతన్నే చూస్తూ నిలబడ్డాను.

అతను ఇంకుడబ్బా మూత పెట్టేశాడు. "నేను పోను సార్" అన్నాడు. "దవాఖానకు తోల్కపోతే తోల్కపోండ్రి, లేకుంటే గేటుకాడనే పంట. అరవైనాలుగు పేర్లతోని మావోళ్ళు కాయిదం రాసిన్రు. గది తీస్కోండ్రి."

గంగాప్రసాద్ ఆ కాగితాన్ని పోలీసు అధికారి చేతికిచ్చాడు. అధికారి పేర్లు చూసి, తిప్పి వెనక చూసి, మేనేజర్ ముఖం చూశాడు. కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. వ్యాను మాత్రం ఆగలేదు. జావెద్‌ను తీసుకుపోయింది.

మేం ఏడవలేదని అబద్ధం చెప్పను. ఏడ్చాం. ఏడ్చుకుంటూనే లోపలికి పోయి మిషన్లముందు కూర్చున్నాం. రెండు చేతులూ బొత్తాలమీద పెట్టాం. ఆ సాయంత్రం ఓడ మా కంటైనర్లు లేకుండానే వెళ్ళిపోయింది. ఒకరోజు చేప మొత్తం కుళ్ళింది. దాన్ని పారలతో ఎత్తింది కూడా మేమే అనుకోండి.

గురువారం విమానం లింబాద్రి లేకుండా పోయింది, అతన్ని మా రూములోనే ఉంచుకున్నాం. శుక్రవారానికి కూడా జావెద్ ఎక్కడున్నాడో తెలియలేదు. హఫ్సా రిజిస్టరులోని ఆ పేజీ ఫోటో పట్టుకుని గంగాప్రసాద్, వారాంతపు సెలవు తీరి లేబర్ ఆఫీసు తెరిచే రోజు కోసం చూస్తున్నాడు. ఆయనా నేనూ రూముముందు కూర్చుని ఉండగా, ముఖమంతా తెల్లటి దుమ్ము పట్టిన మనిషి ఒకతను వెతుక్కుంటూ వచ్చాడు. పక్కనే రాళ్ళను పొడి కొట్టే ఫ్యాక్టరీలో పనట. ఆదిలాబాద్ యాస.

"రెండు చేతులతోటి పనిచేస్తున్నది మీరేనా?" అన్నాడు.

"మేమే. ఏం గావాలె?"

"మా మిషన్‌కు ముందట చేతులు లోపటికి పోకుంట ఇనుప జాలి ఉంటుండె. పని తొందర గావాలని పీకేసిన్రు. మేమే పీకినం. గిప్పుడు మళ్ళ బిగిద్దామంటే ఒక్కడు ముందటికి రాడు. మీరొచ్చి ఓసారి మాట్లాడుండ్రి అన్నా. నలభైమంది కూసొని ఉన్నరు."

గంగాప్రసాద్ నా వైపు చూశాడు. నేను లోపలికెళ్ళి లింబాద్రిని లేపాను.

"లే తమ్మీ" అన్నాను. "ముందుగాల నువ్వే మాట్లాడాలె."